బ్యారేజీ ఎక్కని బస్సు

మా చుట్టాల్లో ఎవరైనా నీ ఉద్యోగం ఏమిటని అడిగితే ఇప్పటికీ తడుముకుంటాను. ఆర్డరు కాగితంలో కౌన్సెలర్ అని ఉంటుంది. రోజూ నేను నేర్పేది గ్యాస్ పొయ్యి వెలిగించడం, ఎసట్లో బియ్యం పోయడం, రోడ్డు దాటడం, ఒంట్లో బాగాలేకపోతే ఎక్కడ నొప్పో డాక్టరుకు చెప్పడం. రాజమండ్రిలో మా కేంద్రానికి వచ్చేవాళ్లంతా పద్దెనిమిది దాటినవాళ్లే. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉందని చిన్నప్పుడే డాక్టర్లు తేల్చినవాళ్లు. మేమున్నన్నాళ్లూ ఫరవాలేదండి, ఆ తరవాతేంటి అని తల్లిదండ్రులు వాళ్లను మా దగ్గరకు తీసుకొస్తారు.

పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. పోయిన వరదల కాలంలో ఒక రోజు నేను చేసిన పని గురించి మా ఇంట్లోవాళ్లకు కూడా పూర్తిగా చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

అది మా దగ్గర నేర్చుకుంటున్న ఒక అమ్మాయి సంగతి. అప్పటికి తనకు ఇరవై రెండేళ్లు. వాళ్లమ్మ ప్రాథమిక పాఠశాలలో టీచరు. భర్త పోయారు, ఉన్నది ఈ ఒక్క కూతురే. టీచరుగారికి గుండెలో స్టెంట్ వేశారు. అది వేసిన మూడో నెలలో కూతుర్ని చెయ్యి పట్టుకుని మా దగ్గరకు తీసుకొచ్చారు.

"నాకేదైనా అయితే ఇది మంచినీళ్లు కూడా ముంచుకోలేదండి" అన్నారు, నా ఎదురుగా కూర్చుని.

ఆవిడ ఆ మాట అంటుండగానే ఆ అమ్మాయి లేచి, మూలనున్న కుండ దగ్గరకు వెళ్లి, గ్లాసు కడిగి, నీళ్లు ముంచుకుని తాగి వచ్చి కూర్చుంది. టీచరుగారు కళ్లు తుడుచుకుంటున్నారు కాబట్టి చూడలేదు. నేను చూశాను. ఈ పిల్లకు నేర్పవచ్చు అని నాకు అప్పుడే అనిపించింది.

రెండేళ్లు పట్టింది. అన్నం, పప్పు వండటం వచ్చింది. గడియారం చూడటం వచ్చింది. పది వరకు లెక్క తప్పదు, పది దాటితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. ఒకసారి చెప్పిన మాట ఇక మరిచిపోదు. నాలుగింటికి అమ్మకు ఫోన్ చెయ్యమంటే నాలుగింటికే చేస్తుంది, మూడూ యాభై తొమ్మిదికి చెయ్యదు. ఆ గుణం చూసి నేను మురిసిపోయేదాన్ని.

ఆత్రేయపురంలో నాకు తెలిసినావిడ ఒకరు ఇంట్లోనే పూతరేకులు చేయించి అమ్ముతారు. ఆవిడ దగ్గర పదిమంది దాకా ఆడవాళ్లు పనిచేస్తారు. పెట్టెకు పది చొప్పున సర్ది మూత అంటించే పని ఈ అమ్మాయికి సరిగ్గా సరిపోతుందనిపించి అడిగాను. "పంపండి చూద్దాం, వారానికి మూడ్రోజులు" అన్నారావిడ. మిగిలిందల్లా బస్సు. గంటంబావు ప్రయాణం.

నెలన్నర పాటు ఆ దారి నేర్పాను. మొదట్లో పక్క సీట్లో కూర్చున్నాను, తరువాత వెనక సీట్లో, ఆ తరువాత స్కూటీ మీద బస్సు వెనకాల. రాజమండ్రి బస్టాండు, ధవళేశ్వరం, అక్కడ బ్యారేజీ, రెండు పక్కలా నీళ్లు, ఆపైన బొబ్బర్లంక, కాలవ గట్టు రోడ్డు, ఒక తెల్ల చర్చి. చర్చి దాటాక వచ్చే స్టాపులో దిగాలి. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశాక జనం బాగా పెరిగారు, అయినా ఆధార్ కార్డు చూపించి ఊరి పేరు చెప్పి టికెట్ తీసుకోవడం బాగా పట్టుబడింది.

ఇవి కాక నేను మూడు మాటలు చెప్పాను. చర్చి కనపడేదాకా సీట్లోంచి లేవకూడదు. బస్సులో ఫోన్ బయటికి తియ్యకూడదు. కొత్తవాళ్లు అడిగితే ఎక్కడికెళ్తున్నావో చెప్పకూడదు. ప్రతిదానికీ కారణం ఉంది. ఒకసారి ధవళేశ్వరంలోనే దిగిపోబోయింది. మా దగ్గర ఇంకొక అబ్బాయి ఫోన్ బస్సులో పోయింది. మూడోది ఏ ఆడపిల్ల తల్లయినా కోరుకునేదే.

ఒంటరిగా వెళ్లాల్సిన రోజు ముందు సాయంత్రం టీచరుగారు ఫోన్ చేశారు.

"గోదారి పెరుగుతోందంటున్నారండి. రేపు వద్దేమో."

"మొదటి హెచ్చరికేనండి. బస్సులు బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి. ఇలా వాయిదాలు వేసుకుంటూ పోతే ఎప్పటికీ వెళ్లదు" అన్నాను.

అది సగం నిజం. మా కేంద్రానికి విరాళాలు ఇచ్చేవాళ్లు ఆ శుక్రవారం చూడటానికి వస్తున్నారు. ఒక అమ్మాయి ఒంటరిగా బస్సెక్కి ఉద్యోగానికి వెళుతోందని వాళ్లకు చూపించాలని నాకు మహా ఆత్రంగా ఉంది. ఆ సంగతి టీచరుగారికి చెప్పలేదు.

మర్నాడు ఎనిమిది గంటలకు స్కూటీ మీద బ్యారేజీ దాటాను. నది ఎర్రగా, గుండెలు జారిపోయేంత జోరుగా ఉంది. దుంగలు కొట్టుకొస్తున్నాయి. జనం బళ్లు ఆపి ఫొటోలు తీసుకుంటున్నారు. అప్పుడైనా వెనక్కి తిరగాల్సింది. ఎనిమిదింపావుకు మా కేంద్రం ఆయా ఫోన్ చేసింది. అమ్మాయిని బస్సెక్కించే పని ఆమెకు అప్పగించాను.

"ఎక్కిందండి. కిటికీ పక్క సీటు కూడా దొరికింది. నాకు టాటా చెప్పలేదండి, ముందుకే చూస్తోంది."

నేను ఆత్రేయపురంలో స్టాపు దగ్గర టీ కొట్టు చూరు కింద నిలబడ్డాను. తొమ్మిదిన్నరకు బస్సు రావాలి. తొమ్మిదీ నలభై అయింది. జల్లు మొదలైంది. పది అయింది. సరిగ్గా పదింటికి టీచరుగారి ఫోన్. స్కూల్లో విరామం అయి ఉంటుంది, వెనక పిల్లల గోల వినిపిస్తోంది.

"దిగిందాండి?"

నేను రోడ్డు వైపు చూశాను. బస్సు లేటు, ఇదిగో వచ్చేస్తుంది అనుకున్నాను. ఆవిడ గుండె సంగతి గుర్తొచ్చింది. ముప్పైమంది పిల్లల మధ్య నిలబడి ఉన్నారు అనుకున్నాను.

"దిగిందండి. లోపల పని చూపిస్తున్నారు."

"దేవుడి దయ" అని ఫోన్ పెట్టేశారు. టీచరుగారు చర్చికి వెళ్లే మనిషి. ఆ మాట ఊరికే అనరు.

రెండు నిమిషాలు కాలేదు, బొబ్బర్లంక వైపు నుంచి వచ్చిన ఆటో అతను టీ కోసం దిగాడు.

"బస్సింకా రాలేదేంటండి?" అని అడిగాను.

"ఇంకెక్కడి బస్సండి బాబూ! బ్యారేజీ మీద బస్సులూ లారీలూ ఆపేశారు కదా. మనలాటి చిన్న బళ్లే వదుల్తున్నారు. బస్సులన్నీ ధవళేశ్వరంలోనే తిప్పేసి, జొన్నాడ మీంచి రావులపాలెం పంపించేత్తన్నారండి."

ఆ దారిలో బ్యారేజీ లేదు, బొబ్బర్లంక లేదు, కాలవ గట్టు లేదు. కడియం వైపు రోడ్డుకు రెండు పక్కలా పూలమొక్కల నర్సరీలు ఉంటాయి, తరువాత హైవే, పెద్ద వంతెన. నేను నేర్పిన గుర్తుల్లో ఒక్కటీ ఆ దారిలో లేదు.

ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఆ ఫోన్ ఎక్కడుంటుందో నాకు బాగా తెలుసు. చేతిసంచీ లోపలి అరలో, జిప్పు వేసి. బస్సులో బయటికి తియ్యకూడదు. దాన్ని అక్కడ పెట్టించింది నేనే. పదిసార్లు చేశాక, నేను ఎన్నిసార్లు చేస్తే ఆ పిల్ల అంత కంగారు పడుతుందేమోనని భయమేసి ఆపాను. ఆయాకు ఫోన్ చేసి, వెనక్కి వచ్చిందేమో చూడమన్నాను. "లేదండి, రాలేదు. ఏం జరిగిందండి?" అంది. చెప్పకుండా పెట్టేసి స్కూటీ ఎక్కాను.

ఆత్రేయపురం నుంచి రావులపాలెం అట్టే దూరం కాదు. ఆ రోజు కాలవ పక్కన ఆ రోడ్డు ఎంతకీ తరగలేదు. ఎదురుగా వచ్చే ప్రతి ఆటోలోకీ తొంగిచూస్తూ నడిపాను. పసుపు చుడీదారు, తెల్ల చున్నీ. రావులపాలెం బస్టాండుకు వెళ్లేసరికి పదీ నలభై. బస్సు లేదు.

"ఆ బస్సు వెనక్కెళ్లిపోయిందండి, ఇరవై నిమిషాలైంది" అన్నాడు అక్కడ ఎంక్వైరీలో ఉన్నాయన. "ఆత్రేయపురం వాళ్లందర్నీ ఇక్కడ దిగి ఆటోల్లో పొమ్మన్నారు."

"ఒక అమ్మాయండి, పసుపు చుడీదారు, కొంచెం... కొంచెం నెమ్మదిగా మాట్లాడుతుంది."

"ఇంతమంది జనంలో ఎలా చూస్తామండి."

గేటు బయట అరటిపళ్ల బండి పెట్టుకున్న ఆవిడ నా మాటలు విని పిలిచింది. "పసుపు చుడీదారేనా అమ్మా? ఇందాకే ఆటో ఎక్కిందండి. ఇద్దరు మగోళ్లు కూడా ఉన్నారందులో. కొత్తపేట ఏపెల్లింది."

ఇన్నేళ్లలో అంత భయం నేనెప్పుడూ ఎరగను. కొత్తపేట రోడ్డు మీద స్కూటీ ఎలా నడిపానో తెలియదు. వాన మొహాన కొడుతోంది. కొత్తవాళ్లు అడిగితే చెప్పకూడదని నేర్పానే గాని, దారి తప్పితే ఎవర్నడగాలో నేర్పలేదు. కొత్తవాళ్లు రమ్మంటే ఏమనాలో నేర్పాను. దిగమంటే దిగాలో వద్దో నేర్పలేదు. నాలుగైదు కిలోమీటర్లు పోయాక ఒక ఆటో దొరికింది. చెయ్యి అడ్డం పెట్టి ఆపించాను. వెనక పసుపు చుడీదారు. ఒళ్లో కాలేజీ పుస్తకాలు పెట్టుకున్న అమ్మాయి బిత్తరపోయి నన్ను చూసింది. పక్కన ఉన్నవాళ్లు ఆమె తండ్రీ, తమ్ముడూ.

"ఏంటండీ? ఏం కావాలి?" అన్నాడు తండ్రి కోపంగా.

"క్షమించండి, మా అమ్మాయనుకున్నాను" అన్నాను. మా అమ్మాయి అని ఎందుకన్నానో తెలియదు.

అక్కడే, రోడ్డు పక్కన స్కూటీ మీద కూర్చుని ఉండగా టీచరుగారి రెండో ఫోన్ వచ్చింది. పదకొండుంబావు.

"ఒక్కసారి దానికి ఫోన్ ఇవ్వండి. గొంతు వింటాను."

ఇక్కడ ఆగిపోయి ఉండాల్సింది. జరిగింది చెప్పేయడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నా నోట్లోంచి వచ్చింది వేరే.

"చేతుల నిండా నెయ్యి అంటుకుందండి దానికి. తరవాత చేయిస్తాను."

ఆవిడ నవ్వారు. రెండేళ్లలో ఆవిడ అంత హాయిగా నవ్వడం నేను వినలేదు. "నెయ్యా? చేతులు కడుక్కోకుండా పరుపెక్కేస్తుందండి అది. సబ్బుతో కడుక్కోమనండి" అన్నారు.

"చెప్తానండి" అన్నాను.

మళ్లీ రావులపాలెం వచ్చి బస్టాండు చుట్టూ, సెంటర్లో, అరటి మార్కెట్ దాకా తిరిగాను. ఎక్కడా లేదు. పన్నెండున్నర దాటాక పోలీసుల దగ్గరకు వెళ్లాను. అక్కడ వయసు మళ్లిన కానిస్టేబుల్ ఒకాయన ఉన్నారు. శాంతంగా కూర్చోబెట్టి అన్నీ రాసుకున్నారు. వయసు, బట్టలు, ఎక్కడ ఎక్కింది. ఫోన్లో ఫొటో చూపించాను.

"మీరేమవుతారమ్మా?"

"ట్రైనింగ్ ఇచ్చేదాన్నండి."

"తల్లిదండ్రులు?"

"తల్లి ఉన్నారండి. టీచరు."

"ఆవిడకి చెప్పారా?"

"ఇంకా లేదండి."

ఆయన కలం ఆపి నా వైపు చూశారు. "ఎనిమిదింటికి ఎక్కిన పిల్లండి. ఇప్పుడు ఒంటిగంట కావొస్తోంది. ముందా తల్లికి చెప్పండమ్మా. ఆవిడకి తెలిసిన చోట్లు మీకు తెలీవు" అన్నారు.

బయట మెట్ల మీదకు వచ్చి ఫోన్ తీశాను. ఏమని మొదలుపెట్టాలి? 'టీచరుగారూ, పొద్దున నేను చెప్పింది నిజం కాదండి.' లోపల నాలుగుసార్లు అనుకున్నాను. నొక్కబోతుండగా ఫోనే మోగింది. ఆయా.

"మేడం, మీరెక్కడున్నారండి? అమ్మాయి ఇక్కడే ఉంది. వెనక గుమ్మంలోంచి వచ్చి క్లాసులో కూర్చుందంట, నేను వంటింట్లో ఉండిపోయాను. ఇప్పుడు భోజనాలకి పిలుద్దామని వెళ్లి చూద్దును కదా, కంచం పట్టుకుని నిలబడుంది."

నేను మెట్ల మీదే కూర్చున్నాను. లోపల నుంచి కానిస్టేబుల్‌గారు వచ్చి, "దొరికిందా?" అన్నారు. తల ఊపాను. ఆయన రాసుకున్న కాగితం మడిచి, "ఇంటికెళ్లండమ్మా, నెమ్మదిగా నడపండి" అన్నారు.

నేను వెళ్లేసరికి రెండున్నర. ఆ అమ్మాయి కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే కోపంగా మొహం తిప్పుకుంది.

"మీరెక్కడికెళ్లారు?" అంది.

"నీకోసమే వెతికాను తల్లీ. ఏం జరిగింది?"

తనకు తోచినట్టు, ముందు వెనకలుగా చెప్పింది. బస్సు బ్యారేజీ ఎక్కలేదు. పూల మొక్కలు వచ్చాయి. చాలా పూల మొక్కలు. చర్చి రాలేదు. అందరూ దిగిపోయారు. కండక్టరుగారు దిగమన్నారు. చర్చి రాలేదండి, నేను దిగను అంది. ఆయన ఎక్కడికెళ్లాలమ్మా అని అడిగాడు. చెప్పలేదు. ఆయన కోప్పడి, మళ్లీ కోప్పడటం మానేసి, బిస్కట్లు ఇచ్చాడు. తినలేదు. బస్సు మళ్లీ బయలుదేరేముందు టికెట్ కొడుతూ వచ్చాడు.

"అప్పుడు నేను కార్డు చూపించా. ఎక్కడికి అన్నాడు. రాజమండ్రి అన్నా."

"ఎందుకలా అన్నావు?"

నా ప్రశ్న తెలివితక్కువదన్నట్టు చూసింది. "బస్సుకి దారి తెలీట్లేదు. రాజమండ్రి అయితే తెలుసు కదా. ఇంటి తాళం అమ్మ దగ్గరుంది. అందుకని ఇక్కడికొచ్చా."

బస్టాండు నుంచి షేర్ ఆటోలో వచ్చింది. సంచీ ఎప్పటిలాగే గోడ అరలో పెట్టింది. ఫోన్ అందులోనే ఉండిపోయింది.

"నువ్వు తప్పిపోయావని మేమెంత కంగారు పడ్డామో తెలుసా?" అన్నాను.

"నేను తప్పిపోలేదు" అంది, గొంతు పెంచి. "నేనిక్కడే ఉన్నా. మీరే తప్పిపోయారు."

టీచరుగారు రావడానికి ఇంకా రెండు గంటలుంది. ఆ రెండు గంటల్లో నేను ఆలోచించిన ఆలోచనలకు ఇప్పటికీ సిగ్గుపడతాను. పిల్ల క్షేమంగా ఉంది. ఇంకెందుకు చెప్పడం? వరద వల్ల బస్సు కాస్త చుట్టు తిరిగింది, తొందరగా వెనక్కి తీసుకొచ్చేశాం అంటే సరిపోతుంది. ఆయాతో కూడా అన్నాను, "నేను చెప్తాను, నువ్వేం మాట్లాడకు" అని.

నాలుగున్నరకు ఆవిడ వచ్చారు. మొహం వెలిగిపోతోంది. నేను నోరు తెరిచి, "బస్సు కొంచెం..." అనేలోపే కూతురు ఎదురెళ్లింది.

"అమ్మా, బస్సు బ్యారేజీ ఎక్కలేదు. పూల మొక్కలు వచ్చాయి. మేడం కనపడలేదు. నేను రాజమండ్రి అని చెప్పి వచ్చేశా."

టీచరుగారు నవ్వబోయి ఆగారు. నా వైపు చూశారు. కూతురి కుడి చెయ్యి తీసుకుని, అరచెయ్యి తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. పప్పన్నం వాసనే వచ్చి ఉంటుంది.

"మరి నెయ్యి?" అన్నారు.

నేను కుర్చీ ముందుకు జరిపాను. ఆవిడ కూర్చోలేదు.

"పదింటికి దిగిందన్నారు. పదకొండింటికి చేతులకి నెయ్యి అన్నారు. అప్పుడు ఇదెక్కడుందో మీకు తెలీదా?"

"తెలీదండి. మీ గుండె..."

"నా గుండె సంగతి మీకెందుకండి!" ఆవిడ కూతుర్ని దగ్గరకు లాక్కున్నారు. "దీనికి అబద్ధమాడటం రాదు. ఇరవై రెండేళ్లలో ఒక్కటి ఆడలేదు. మీ దగ్గరికి పంపింది అన్నం వండటం నేర్పుతారని. రేపటి నుంచి రాదండి."

సంచీ అరలోంచి తీసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయారు. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "రేపు కాదమ్మా, ఎల్లుండి. ఎల్లుండి పెట్టెలు" అంటోంది.

శుక్రవారం విరాళాలవాళ్లు వచ్చారు, పిల్లలు వండిన ఉప్మా తిన్నారు, వెళ్లారు. నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు.

వాళ్లింటికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి ఆదివారం, తాళం వేసి ఉంది, చర్చికి వెళ్లారని పక్కింటివాళ్లు చెప్పారు. రెండోసారి టీచరుగారు గేటు దగ్గరే నిలబెట్టి, "ఏం చెప్పాలనుకున్నా ఆ రోజే చెప్పాల్సిందండి" అన్నారు. కిటికీలోంచి కూతురు అరిచింది, "మేడం, పెట్టెలు ఎవరు సర్దుతున్నారు?" అని. మూడోసారి, దాదాపు నెల తరువాత, గేటు తీశారు.

ముందుగదిలో ఆ అమ్మాయి చేతిసంచీ భుజానికి తగిలించుకుని కూర్చుని ఉంది.

"సోమ, బుధ, శుక్ర" అన్నారు టీచరుగారు నెమ్మదిగా. "పొద్దున్నే తయారైపోయి ఇలా కూర్చుంటోందండి. ఇవాళ సెలవు కదాని ఇంట్లో ఉండి చూశాను. భోజనానిక్కూడా సంచీ తియ్యలేదు."

నేను క్షమాపణ చెప్పాను. విరాళాలవాళ్ల సంగతి కూడా చెప్పాను, వరదని తెలిసీ పంపడానికి అది కూడా కారణమని. ఆవిడ వెళ్లి కూతురి భుజం మీది సంచీ పట్టీ సరిచేశారు.

"నాకు గుండెనొప్పి వచ్చినప్పుడు" అని మొదలుపెట్టారు, "మా అన్నయ్యా వదినా రెండ్రోజులు గ్యాస్ నొప్పి అని చెప్పారండి. డాక్టరుచేత కూడా అదే చెప్పించారు. నేను తట్టుకోలేనని. నాకు అర్థమవుతూనే ఉంది. ఇది ఒక్కతే నా మంచం దగ్గర నిలబడి, అమ్మా నీ మొహం తెల్లగా అయిపోయింది, నువ్వు చచ్చిపోతావా అనడిగింది. అప్పుడు నాకెంత ధైర్యమొచ్చిందో మీకు తెలీదు. ఒక్క మనిషైనా ఉన్నది ఉన్నట్టు అడిగిందని."

ఆవిడ కూతురి వైపు తిరిగి చూశారు.

"మళ్లీ పంపుతాను. ఇది కూర్చోడం చూడలేకపోతున్నాను. కానీ ఏం జరిగితే అది జరిగినట్టు ఆ నిమిషంలోనే చెప్పాలి. నా గుండె ఆగితే ఆగుద్ది. అది మీ పని కాదు."

సరేనన్నాను.

ఈసారి నేర్పడం వేరేగా జరిగింది. నేను మాటలు చెప్పడం తగ్గించి ప్రశ్నలు అడిగాను. చర్చి రాకపోతే ఏం చేస్తావు? "కండక్టరుగారిని అడుగుతా. ఆయన బిస్కట్లు ఇచ్చాడు." ఆయన లేకపోతే? "ఇంటికొస్తా." ఫోన్ మోగితే? సంచీ జిప్పు తీసి ఫోన్ చూసింది. "అమ్మ చేస్తే తీస్తా. మీరు చేస్తే తియ్యను." ఎందుకంటే, "మీరు ఊరికే చేస్తారు, మోగుతూనే ఉంటది" అంది. దాని మీద నేను వాదించలేదు.

గోదావరి తగ్గాక, ఒక బుధవారం మళ్లీ పంపాం. టీచరుగారు పూట సెలవు పెట్టి బస్టాండుకు వచ్చారు. బస్సు కదిలేవరకు నిలబడి, తరువాత అక్కడే బెంచీ మీద కూర్చున్నారు. నేను ఈసారి ముందు వెళ్లలేదు. ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఆత్రేయపురంలో పూతరేకులావిడ, అమ్మాయి రాగానే నాకు ఫోన్ చేస్తానన్నారు.

తొమ్మిదిన్నర అయింది. ఫోన్ రాలేదు. టీచరుగారు నన్ను అడగలేదు. బస్టాండు గడియారం వైపు చూస్తున్నారు. తొమ్మిదీ నలభై రెండుకు ఫోన్ మోగింది.

"బస్సొచ్చి వెళ్లిపోయిందండి" అన్నారు పూతరేకులావిడ. "స్టాపులో మనిషిని నిలబెట్టాను. అమ్మాయి దిగలేదంట."

టీచరుగారు నా మొహంలోకే చూస్తున్నారు. ఒక్క చిన్న మాట చాలు. 'లేటంటండి.' నాలిక చివర దాకా వచ్చింది.

"బస్సు వచ్చిందంటండి. అమ్మాయి దిగలేదంట" అన్నాను.

ఆవిడ కళ్లు మూసుకున్నారు. చేత్తో బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నారు. ఊపిరి తీసుకోవడం, వదలడం నాకు వినిపిస్తోంది. తరువాత కళ్లు తెరిచి, చేతిసంచీలోంచి తన ఫోన్ తీసి, కూతురి నంబరు నొక్కారు. మూడోసారి మోగాక ఎత్తింది. స్పీకరు పెట్టారు.

"ఎక్కడున్నావే?"

"నడుస్తున్నా."

"ఎక్కడ?"

"రోడ్డు మీద. చర్చి దగ్గరే దిగా. ఇవాళ చర్చికి రంగులేస్తున్నారమ్మా. నీలం రంగు. చూసి వెళ్తున్నా. బాగుంది."

"అక్కడెందుకు దిగావే, తరవాత స్టాపు కదా?"

"దగ్గరే కదమ్మా" అని ఫోన్ పెట్టేసింది.

పది నిమిషాలకు పూతరేకులావిడ ఫోన్ చేసి, వచ్చిందని, చేతులు కడుక్కోవడానికి సబ్బు అడుగుతోందని చెప్పారు. ఆ మాట టీచరుగారికి చెప్పాను. ఆవిడ ఏడవలేదు, నవ్వలేదు. చెంగుతో మెడ తుడుచుకున్నారు.

ఆ తరువాత ఆ అమ్మాయి పనిలో కుదురుకుంది. మొదటి వారం రెండు పెట్టెల్లో పదకొండు పెట్టిందని తిట్లు తింది, రెండ్రోజులు అలిగింది, మళ్లీ వెళ్లింది. ఇప్పటికీ బుధవారాలు పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో నాకు ఏ పనీ చేతికి రాదు. టీచరుగారికీ అంతేనని నాకు తెలుసు. మేమిద్దరం ఆ సంగతి మాట్లాడుకోం.

మళ్లీ పంపిన ఆ మొదటి బుధవారం, బెంచీ మీంచి లేచి నాలుగడుగులు వేశాక ఆవిడ ఆగారు.

"ఎల్లుండి కూడా వెళ్లాలి కదండీ?" అన్నారు.

"వెళ్లాలండి."

"ఆపై సోమవారం కూడా."

"అవునండి."

ఆవిడ మళ్లీ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. నేను వెళ్లి రెండు టీలు తెచ్చాను.